తాడు కట్టిన భ్రమాలోకం



గత సంవత్సరం మా తొమ్మిదో తరగతి పిల్లలను ఒక విజ్ఞాన ప్రదర్శనకు తీసుకువెళ్ళాను. అక్కడ ఒక గదిలో వర్చువల్ రియాలిటీ శిరస్త్రాణం ఉంచారు. కళ్ళను పూర్తిగా కప్పివేసే ఆ పరికరాన్ని తలకు తగిలించుకుంటే, మనం గదిలో కాక లోతైన లోయమీద వేసిన ఇరుకు వంతెనపై నిలబడినట్లు కనిపిస్తుంది. మా తరగతి అమ్మాయి ఒకతె చేతులు రెండు పక్కలకూ చాచి, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ వంతెనమీద నడిచింది. అయిదారు అడుగులు వేసి టక్కున ఆగిపోయింది. శిరస్త్రాణం తీసేసింది.

"ఏమ్మా, భయం వేసిందా?" అని అడిగాను.

"లేదు మాస్టారూ! వెనకనుంచి ఎవరో జడ పట్టుకు లాగినట్లయింది. అంతే, వంతెన పోయింది, గది వచ్చేసింది" అంది.

నిజానికి ఆమె జడను ఎవరూ లాగలేదు. శిరస్త్రాణం వెనకనుంచి కంప్యూటరు వరకూ వేలాడుతున్న తీగ బిగుసుకుంది, అంతే. అంత గొప్ప పరికరం కల్పించిన లోయనూ వంతెననూ ఒక మామూలు తీగ ఒక్క క్షణంలో కూల్చివేసింది!

మరి ఆ తీగ అక్కడ ఎందుకు ఉంది? దానివల్ల వచ్చే ఇబ్బందులేమిటి? దాన్ని వదిలించుకోవడానికి శాస్త్రజ్ఞులకు యాభై ఏళ్ళు ఎందుకు పట్టింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

కొలత లేనిదే భ్రమ లేదు

మీరు కిటికీలోంచి ఒక వేపచెట్టును చూస్తున్నారనుకోండి. తల కుడివైపుకు తిప్పితే చెట్టు మీ చూపులో ఎడమవైపుకు జరుగుతుంది. ముందుకు వంగితే కిటికీ అంచు దాటి మరికొంత కనిపిస్తుంది. పుట్టినప్పటినుంచి మన కళ్ళకూ మెదడుకూ ఇది అలవాటు. అందువల్ల భ్రమాలోకంలోని చెట్టు కూడా ఇలాగే ప్రవర్తించాలి. లేకపోతే మెదడు నమ్మదు.

కంప్యూటరు ఇలా చేయాలంటే మీ తల ఎక్కడ ఉందో, ఎటు తిరిగి ఉందో దానికి ప్రతిక్షణం తెలియాలి. తలకు మూడు స్థాన కొలతలు ఉంటాయి: ముందు వెనకలు, కుడి ఎడమలు, పైకి కిందికి. మూడు తిరుగుడు కొలతలు ఉంటాయి: పక్కకు తిప్పడం, పైకెత్తి దించడం, భుజంవైపు వంచడం. మొత్తం ఆరు కొలతలు. రెండు చేతులు, నడుము, రెండు పాదాలు కూడా భ్రమాలోకంలో కదలాలంటే ఒక్కొక్కదానికి మళ్ళీ ఆరేసి కొలతలు కావాలి. ఇలా శరీరభాగాల స్థితిని ఎడతెగకుండా కొలవడాన్నే శరీర కదలికల అనుసరణ లేదా ట్రాకింగ్ అంటారు.

ఈ కొలత త్వరగా కూడా అందాలి. పక్కనుంచి ఎవరో పిలిస్తే మీరు తల తిప్పే వేగం సెకనుకు 100 డిగ్రీలు అనుకుందాం. కొలత తీసి, కొత్త బొమ్మ గీసి చూపడానికి సెకనులో 50వ వంతు ఆలస్యమైందనుకోండి. ఈలోగా మీ తల 2 డిగ్రీలు తిరిగిపోతుంది. ఆకాశంలో పున్నమి చంద్రుని వెడల్పు దాదాపు అర డిగ్రీ. అంటే కనిపించే బొమ్మ ఉండవలసిన చోటుకంటే నాలుగు చంద్రుల దూరం వెనకబడి ఉంటుందన్నమాట! ఆలస్యం ఇంకా పెరిగితే కొందరికి కళ్ళు తిరిగి వాంతి వచ్చినట్లుంటుంది.

త్వరగా, తప్పు లేకుండా సమాచారాన్ని పంపడానికి అందరికీ తెలిసిన సులభమైన మార్గం తీగ. అందుకే మొదట అందరూ తీగనే నమ్ముకున్నారు.

పైకప్పునుంచి వేలాడిన కత్తి

తలకు తగిలించుకుని, తల కదలికతోపాటు మారే కంప్యూటరు బొమ్మలను చూపే పరికరాన్ని అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు తన విద్యార్థుల సహాయంతో తయారుచేశాడు. దాన్ని వివరించే పత్రం 1968లో వెలువడింది. కళ్ళముందు రెండు చిన్న కాథోడ్ కిరణ నాళాలు ఉండేవి. వాటిలో కనిపించేవి వట్టి గీతల బొమ్మలే. అయినా ఆ గీతల ఘనం ఎదురుగా గాలిలో తేలుతున్నట్లు కనిపించేది.

తలను కొలిచే పద్ధతి చూడండి. పైకప్పునుంచి ఒక లోహపు గొట్టం వేలాడుతుంది. దానిలో మరొక గొట్టం పైకి కిందికి జారుతుంది. కింది కొస తలపట్టీకి బిగించి ఉంటుంది. రెండు కొసల్లోనూ ఎటైనా తిరిగే కీళ్ళుంటాయి. తల కదిలితే గొట్టం జారుతుంది, కీళ్ళు తిరుగుతాయి. ఆ జారుడునూ తిరుగుడునూ కొలిచి కంప్యూటరు తల స్థితిని లెక్కకడుతుంది. ఇందులో ఊహకు తావు లేదు. కొలత ఖచ్చితం.

కాని ఆ మనిషి తిరగగలిగిన చోటెంత? దాదాపు 1.8 మీటర్ల వ్యాసం, 0.9 మీటరు ఎత్తు గల జాగా మాత్రమే. తలను పైకి గాని కిందికి గాని 40 డిగ్రీలకంటే ఎక్కువ వంచడానికి వీలులేదు. ఈ అమరిక బరువుగా, ఇబ్బందిగా ఉందని సదర్లాండ్ తన పత్రంలోనే ఒప్పుకున్నాడు. నెత్తిమీద వేలాడే ఈ పరికరానికి 'డెమొక్లీజ్ కత్తి' అనే పేరు స్థిరపడింది. డెమొక్లీజ్ అనేవాడు రాజభోగం కోరుకుంటే, రాజు వాణ్ణి సింహాసనంపై కూర్చోబెట్టి నెత్తిన ఒక కత్తిని గుర్రపువెంట్రుకతో వేలాడదీయించాడని పాతకాలపు గ్రీకు, రోమను కథ. భోగం ఎదురుగా ఉన్నా నెత్తిమీది కత్తినుంచి మనసు మళ్ళదు. మన వంతెనకు తీగ ఎలాంటిదో ఈ పేరులోనే తెలుస్తోంది కదా!

ఒంటినిండా తీగలు

1980లలో తలతో పాటు చేతులనూ కొలిచారు. థామస్ జిమ్మర్‌మన్, జేరన్ లేనియర్ మొదలైనవారు వీ.పీ.ఎల్. సంస్థలో డేటా గ్లవ్ అనే చేతితొడుగును రూపొందించారు. దాని వివరాలు 1987లో ప్రకటించారు. అందులో వేళ్ళ పొడవునా సన్నని దృశాతంతువులు ఉంటాయి. వేలు వంగితే తంతువు వంగుతుంది. వంగినచోట కొంత కాంతి బయటికి పోతుంది. అవతలి కొసకు చేరిన కాంతి ఎంత తగ్గిందో చూసి వేలు ఎంత వంగిందో చెబుతారు. తెలివైన పద్ధతి! అయితే చేతినుంచి పెట్టెవరకూ తంతువుల కట్ట మాత్రం సాగుతూనే ఉండాలి. తరువాత అదే సంస్థ ఒంటినిండా తొడుక్కునే డేటా సూట్‌ను కూడా తయారుచేసింది.

చేయి గదిలో ఎక్కడుందో తెలుసుకోవడానికి అయస్కాంత పద్ధతిని వాడారు. ఒకచోట స్థిరంగా ఉంచిన మూడు తీగచుట్టలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. వాటిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. చేతిమీది బుల్లి సెన్సరులో కూడా మూడు చుట్టలుంటాయి. క్షేత్రం వాటిని ఎంతగా ప్రభావితం చేసిందో చూసి చేతి స్థితిని లెక్కకడతారు. ఈ సెన్సరు నుంచి కూడా ఒక తీగ బయలుదేరుతుంది. శరీరంపై పది చోట్ల సెన్సర్లు పెడితే పది తీగలు! మనిషి స్వేచ్ఛగా ఎలా కదులుతాడో చూద్దామని మొదలుపెట్టి, చివరికి మనిషిని కట్టిపడేశారన్నమాట.

తీగ తెచ్చే ఇబ్బందులు

ఇక ఆ ఇబ్బందులను ఒక్కొక్కటిగా లెక్కవేసి చూద్దాం.

మొదటిది, పలుపుతాడు ఇబ్బంది. గుంజకు కట్టిన దూడ తాడు పొడవు మేరకే మేస్తుంది. గోడ దగ్గరి కంప్యూటరునుంచి 5 మీటర్ల తీగ వచ్చిందనుకోండి. మీరు తిరగగలిగినది 5 మీటర్ల వ్యాసార్ధం గల అర్ధవృత్తం. దాని వైశాల్యం సుమారు 39 చదరపు మీటర్లు. పరవాలేదే అనిపిస్తుంది. తరువాతి ఇబ్బంది చూడండి.

రెండవది, చుట్టుకోవడం. భ్రమాలోకంలో వెనకనుంచి పులి వచ్చిందని మీరు గిరుక్కున తిరిగారు. తీగ నడుముకు ఒక చుట్టు చుట్టుకుంది. మీ నడుము చుట్టుకొలత 70 సెంటీమీటర్లయితే, ఒక్కొక్క చుట్టుకూ 70 సెంటీమీటర్ల తీగ ఖర్చవుతుంది. ఒకేవైపు మూడుసార్లు తిరిగితే 2.1 మీటర్లు పోయి 2.9 మీటర్లే మిగులుతుంది. ఇప్పుడు అర్ధవృత్తపు వైశాల్యం ఎంత? సుమారు 13 చదరపు మీటర్లు. మూడు చుట్లకే మీ లోకం మూడోవంతుకు కుదించుకుపోయింది! పైగా తీగ నడుముకే చుట్టుకుంటుందన్న నమ్మకం లేదు. కాళ్ళకు చుట్టుకుంటే పడిపోతారు. కళ్ళు కప్పి ఉన్నవారు పడితే చేతులు ఎక్కడ ఆనించాలో కూడా తెలియదు.

మూడవది, బరువు. మీటరు తీగ 50 గ్రాములు తూగుతుందనుకుందాం. నేలమీద పడి ఉన్న తీగ బరువు నేల మోస్తుంది. గాలిలోకి లేచిన తీగ బరువు మాత్రమే మీ చేయి మోస్తుంది. చేయి నడుము దగ్గర, అంటే నేలనుంచి ఒక మీటరు ఎత్తులో ఉన్నప్పుడు 50 గ్రాములు. తలపైకి, రెండు మీటర్ల ఎత్తుకు ఎత్తితే 100 గ్రాములు. చేయి పైకి పోయేకొద్దీ బరువు పెరుగుతుంది. వేగంగా ఊపితే తీగ జడత్వం కూడా తోడవుతుంది. మీరు చేయి ఆపినా తీగ ఊగుతూనే ఉండి చేతిని అటూ ఇటూ లాగుతుంది.

నాలుగవది, తీగ అలసిపోవడం. ఇయర్‌ఫోను వైరు ఎక్కడ తెగుతుందో మీకు తెలుసు. సరిగ్గా పిన్ను దగ్గర, వంగేచోట. ఇనుప బైండింగు తీగను ఒకేచోట పదే పదే వంచితే తెగిపోతుంది కదా! దీన్ని లోహపు అలసట అంటారు. మోచేతి దగ్గర, మోకాలి దగ్గర సాగే తీగలు ప్రతి కదలికకూ వంగుతాయి. పూర్తిగా తెగితే మేలే, వెంటనే తెలుస్తుంది. సగం తెగి, ఒకసారి అంటుకుని ఒకసారి విడిపోతే కొలతలు ఎక్కడ తప్పుతున్నాయో పట్టుకోవడం కష్టం.

అయిదవది, ఇద్దరు కలిసి ఆడినప్పుడు వచ్చేది. కోలాటంలో జడకోపు చూశారా? పైనుంచి వేలాడే తాళ్ళను తలా ఒకటి పట్టుకుని, ఒకరినొకరు దాటుకుంటూ ఆడితే తాళ్ళు జడలాగా అల్లుకుంటాయి. అదే వరసలో వెనక్కి ఆడితే జడ విడిపోతుంది. భ్రమాలోకంలో నలుగురు నాలుగు తీగలతో తిరిగితే ఇలాంటి జడే పడుతుంది. అయితే కోలాటం వాళ్ళకు అడుగులు గుర్తుంటాయి. వీరికి ఏ అడుగు ఎప్పుడు వేశారో గుర్తుండదు.

ఆరవది, మా అమ్మాయి చెప్పినది. తీగ నిజలోకాన్ని గుర్తుచేస్తుంది. కళ్ళు లోయ ఉందంటాయి. మెడ మాత్రం 'గోడ అటుందమ్మా' అంటుంది. తీగ ఒక్కసారి లాగితే చాలు, ఆ తరువాత మనసులో ఒక మూల తీగ గురించి ఆలోచిస్తూనే ఉంటాం. తీగ బిగుసుకుంటుందేమోనని అడుగు చిన్నది చేస్తాం. తీగ తొక్కుతామేమోనని కాలు ఎత్తి వేస్తాం. ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఎందుకో చూడండి.

అసలు లోపం ఎక్కడుంది?

ఒక చెంచాడు వేడినీటి ఉష్ణోగ్రత కొలవాలని దానిలో చల్లని థర్మామీటరు ముంచారనుకోండి. థర్మామీటరు వేడెక్కడానికి కావలసిన ఉష్ణాన్ని ఆ నీటినుంచే తీసుకుంటుంది. నీరు చల్లబడుతుంది. థర్మామీటరు చూపేది చల్లబడిన నీటి ఉష్ణోగ్రతను. బిందెడు నీటిలో ఈ తేడా పట్టించుకోదగినది కాదు. చెంచాడు నీటిలో పట్టించుకోక తప్పదు. వోల్టుమీటరుకు ఎక్కువ నిరోధం ఎందుకు పెడతారో మీ పాఠంలో చదివే ఉంటారు. వలయంలోని విద్యుత్తును అది ఎక్కువగా తన గుండా లాగేసుకోకూడదని. కొలిచే సాధనం కొలవబడే వస్తువును వీలైనంత తక్కువగా మార్చాలి. ఇది కొలతశాస్త్రంలో మొదటి నియమం వంటిది.

తీగ ఈ నియమాన్ని తప్పుతుంది. మనం స్వేచ్ఛగా ఎలా కదులుతామో కొలవడానికి దాన్ని పెట్టాం. అది మన కదలికనే మార్చివేసింది. అంటే తీగ చివర కంప్యూటరుకు చేరినది మన నడక కొలత కాదు. తీగ కట్టిన మన నడక కొలత.

ఆటలో అయితే ఈ తేడా వల్ల కాస్త సరదా తగ్గుతుంది, అంతే. కాని ఈ పరికరాలు ఆటలకే కాదు. పక్షవాతం వచ్చి చేయి బలహీనపడినవారిచేత వ్యాయామం చేయించడానికి కూడా వర్చువల్ రియాలిటీని ఉపయోగిస్తున్నారు. భ్రమాలోకంలో చెట్టుకు పండ్లు వేలాడుతుంటాయి. రోగి చేయెత్తి కోయాలి. నిన్న భుజంవరకే లేచిన చేయి ఇవాళ ఎంతవరకు లేచింది? ఆ కొలతను బట్టి రేపటి వ్యాయామం నిర్ణయిస్తారు. మీకూ నాకూ 100 గ్రాముల తీగ లెక్కలోనిది కాదు. ఆ చేతికి అది పెద్ద బరువు. బిందెకూ చెంచాకూ ఉన్న తేడాయే ఇది. కొలత తక్కువ వస్తే 'నా చేయి బాగుపడటం లేదు' అని ఆ మనిషి నిరాశపడవచ్చు. తప్పు చేతిది కాదు, తీగది.

తీగ తీసేస్తే సరిపోతుందా?

అయితే తీగ తీసి పారేస్తే పోలేదా అంటారు మీరు. అదే ప్రయత్నం మొదటినుంచీ జరిగింది. కాని ప్రతి కొత్త పద్ధతీ తన ఖరీదు తాను అడిగింది.

ధ్వనితో కొలవవచ్చు. సదర్లాండ్ బృందమే మన చెవికి వినిపించని అతిధ్వనులతో ప్రయత్నించింది. తలమీద ధ్వనిని పంపే సాధనాలు, పైకప్పులో వాటిని అందుకొనే సాధనాలు పెట్టారు. ధ్వని వేగం, పట్టిన కాలం తెలిస్తే దూరం తెలుస్తుందన్నది ఇటువంటి పద్ధతులకు మూలసూత్రం. కాని గాలిలో ధ్వని వేగం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే సెకనుకు సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీలకు సరిచేసిన పరికరాన్ని మన మే నెల ఎండలో 40 డిగ్రీల గదిలో వాడితే 2 మీటర్ల దూరంలో దాదాపు 7 సెంటీమీటర్ల తప్పు వస్తుంది.

అయస్కాంత క్షేత్రం గోడలకూ శరీరానికీ అడ్డుపడదు. కాని దూరం రెట్టింపయితే ఈ చుట్టల క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దగ్గరలో ఇనుప బీరువా గాని, లోహపు బల్ల గాని ఉంటే క్షేత్రం వంకర పోతుంది.

త్వరణాన్ని కొలిచే బుల్లి సెన్సర్లున్నాయి. మీ ఇంట్లోని సెల్‌ఫోనులో కూడా అటువంటిది ఉంటుంది. ఒంటికి 17 చోట్ల ఇటువంటివి కట్టి కదలికలను కొలిచే సూట్లు కూడా ఉన్నాయి. వాటికి బయటి ఆధారం అక్కరలేదు. కాని త్వరణంలో సెకనుకు సెకనుకు 0.01 మీటరు మేర చిన్న తప్పు నిలకడగా ఉందనుకోండి. s = ½ at² సూత్రంలో వేసి చూడండి. 10 సెకన్లలో అర మీటరు తప్పు. ఒక నిమిషంలో 18 మీటర్లు! మీరు గదిలోనే ఉంటారు, లెక్క ప్రకారం వీధిలో ఉంటారు. అందుకే వీటి లెక్కను మరొక పద్ధతితో మాటిమాటికీ సరిచేస్తూ ఉండాలి.

కాంతితో కొలవడం బాగా ఫలించింది. 2016లో వచ్చిన హెచ్.టి.సి. వైవ్ పరికరంలో గది మూలల్లో రెండు పెట్టెలుంటాయి. వాటిలోని లేజరు కిరణాలు సెకనుకు 60 చుట్లు తిరుగుతూ, సముద్రతీరంలో దీపస్తంభం వలె గదిని ఊడ్చినట్లు తిరుగుతాయి. సెకనుకు 60 చుట్లంటే 21,600 డిగ్రీలు. అంటే సెకనులో వెయ్యోవంతుకు 21.6 డిగ్రీలు. కిరణం శిరస్త్రాణంమీది సెన్సరును ఎప్పుడు తాకిందో తెలిస్తే ఏ కోణంలో ఉన్నదో తెలిసిపోతుంది. కోణాన్ని కాలంగా మార్చి కొలిచారన్నమాట! కాని కాంతికి అడ్డు వస్తే కొలత ఉండదు. చేయి వీపు వెనక్కి పోతే కిరణానికి అది దొరకదు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. తల కొలతకు తీగ అక్కరలేకపోయినా 2016 నాటి ఆ శిరస్త్రాణానికి 5 మీటర్ల తీగ ఉంది! ఎందుకు? బొమ్మకోసం. రెండు కళ్ళకు కలిపి 2160 × 1200 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగుకు 24 బిట్లు. సెకనుకు 90 బొమ్మలు. గుణించండి. సెకనుకు సుమారు 560 కోట్ల బిట్లు! దీనికి తోడు విద్యుత్తు కూడా అందాలి. ఆ తీగ ఊరికే వేలాడటం లేదు. అది మోసే బరువు అంతటిది.

2018లో ఆ బొమ్మను 60 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పంపే అమరిక వచ్చింది. వాటి తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్లు. ఇంత చిన్న తరంగాలను మనిషి శరీరమే అడ్డగిస్తుంది. పైగా తీగ పోయినందుకు బ్యాటరీని వెంట మోసుకు తిరగాలి. 2019లో వచ్చిన ఆక్యులస్ క్వెస్ట్‌లో కంప్యూటరు, బ్యాటరీ శిరస్త్రాణంలోనే ఇమిడిపోయాయి. దానిపై ఉన్న నాలుగు కెమెరాలు గదిని చూసి, తాము ఎక్కడున్నదీ తామే తెలుసుకుంటాయి. 1968లో పైకప్పునుంచి వేలాడిన గొట్టం 51 ఏళ్ళకు ఇలా మాయమైంది. కాని బ్యాటరీ రెండు మూడు గంటలే వస్తుంది. చిన్న కంప్యూటరు కనుక పెద్ద కంప్యూటరంత వివరంగా బొమ్మలు గీయలేదు. తీగ బరువు పోయింది, ముఖంమీద బరువు పెరిగింది. అందుకే చాలా సున్నితమైన బొమ్మలు కావలసినచోట నేటికీ తీగనే ఎంచుకునేవారున్నారు.

కనుక తీగ చెడ్డది, తీగలేనిది మంచిది అని ఒక్కమాటలో తేల్చవద్దు. నేను ఏది కొలవదలచాను? నా కొలత దాన్ని ఎంత మారుస్తుంది? ఆ మార్పును నేను భరించగలనా? ఈ మూడు ప్రశ్నలు వేసుకున్నాకే సాధనాన్ని ఎంచుకోవాలి. కదలకుండా కుర్చీలో కూర్చుని విమానం నడపడం నేర్చుకొనేవారికి తీగ వల్ల వచ్చే నష్టం దాదాపు లేదు. బలహీనమైన చేయి ఎత్తే రోగికి ఆ నష్టం చాలా ఎక్కువ.

మీరు చేసి చూడండి

కావలసినవి: 5 మీటర్ల మెత్తని నూలు తాడు, కళ్ళకు కట్టడానికి రుమాలు, ఇద్దరు స్నేహితులు, సుద్దముక్క, రాళ్ళు లేని ఆటస్థలం.

జాగ్రత్త: తాడును మెడకు ఎంతమాత్రం కట్టవద్దు. నడుము బెల్టుకు వెనకవైపు, లాగితే ఊడివచ్చే ముడి వేయండి. పరుగెత్తవద్దు. ఒక స్నేహితుడు ఎప్పుడూ పక్కనే నడవాలి.

1. తాడు లేకుండా, కళ్ళు తెరిచి పది అడుగులు మామూలుగా నడవండి. ఎంత దూరం వచ్చిందో కొలిచి పదితో భాగించండి. అది మీ సగటు అడుగు.

2. కళ్ళకు గంతలు కట్టుకుని, తాడు లేకుండా అయిదు అడుగులు నడవండి. సగటు అడుగు రాసుకోండి.

3. తాడు ఒక కొసను బెల్టుకు కట్టి, రెండో కొసను స్నేహితుడికి ఇచ్చి ఒకచోట నిలబెట్టండి. మళ్ళీ గంతలు కట్టుకుని అయిదు అడుగులు నడిచి కొలవండి. రెండో కొలతకూ మూడో కొలతకూ తేడా ఎంత?

4. గంతలతోనే అటూ ఇటూ తిరిగాక, తాడు పట్టుకున్న స్నేహితుడు ఎటున్నాడో వేలితో చూపండి. తాడు విప్పి మళ్ళీ ప్రయత్నించండి. ఎప్పుడు సరిగా చెప్పగలిగారు?

మా పాఠశాలలో ఈ ప్రయోగం చేసినప్పుడు మొదటి అంశానికంటే నాలుగో అంశం పిల్లలను ఎక్కువగా ఆశ్చర్యపరచింది. ప్రదర్శనలో ఆగిపోయిన ఆ అమ్మాయి గంతలు విప్పి ఇలా అంది: "మాస్టారూ, ఆ రోజు నేను వైరును చూడనే లేదు. అయినా కంప్యూటరు ఎక్కడుందో నాకు ముందునుంచీ తెలుస్తూనే ఉంది."

ఆలోచించండి

1. మీ నడుము చుట్టుకొలత కొలవండి. 5 మీటర్ల తీగ పూర్తిగా చుట్టుకుపోవడానికి మీరు ఒకేవైపు ఎన్నిసార్లు తిరగాలి?

2. తీగను నేలమీదనుంచి కాక పైకప్పునుంచి, కప్పీ మీదుగా వేలాడదీస్తే పై ఇబ్బందుల్లో ఏవి తగ్గుతాయి? ఏవి మిగులుతాయి?

3. సైకిలు టైరులో గాలి పీడనాన్ని కొలిచేటప్పుడు 'బుస్' మని కొంత గాలి పోతుంది. ఇక్కడ కొలత దేనిని మారుస్తోంది? ఆ మార్పు పట్టించుకోదగినదా?